మిద్దె మీద పుస్తకాలు

నేను ఉద్యోగంలో చేరేనాటికి మా యూనివర్సిటీకి విద్యార్థులు ఉన్నారు, పాఠాలు చెప్పేవాళ్ళు ఉన్నారు, గుండ్రటి రబ్బరు స్టాంపు కూడా ఉంది. సొంత కట్టడం మాత్రం ఒక్కటీ లేదు. ఊరి బయట స్థలం చూపించారుగానీ అప్పటికి అక్కడ ముళ్ళకంపలూ ఎర్రమట్టీ తప్ప ఏమీ లేవు. అందుకని పుదుచ్చేరి వీధుల్లో ఖాళీగా పడి ఉన్న పెద్ద పెద్ద ఇళ్ళను ఒక్కొక్కటే అద్దెకు తీసుకుని, ఒక ఇంట్లో చరిత్ర, ఇంకో ఇంట్లో భౌతికశాస్త్రం, మరో ఇంటి వంటగదిలో పరీక్షల విభాగం, ఇలా సర్దుకుంటూ వచ్చారు. ఎనభైల నడిమి రోజులవి. ఆ సర్దే పని ఎస్టేట్ విభాగానిది. విభాగం అంటే ఒక ఆఫీసరుగారు, నేను, తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడే ఒక చెక్క పలక.

నాకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. మా క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. నా పని, కొత్తగా అద్దెకు వచ్చే ప్రతి ఇంటికీ వెళ్ళి టేపుతో గదులు కొలిచి, ప్లాను గీసి, గోడలూ నేలా పైకప్పూ ఎలా ఉన్నాయో ఒక ఫారంలో రాసివ్వడం. ఆ ఫారం చూసుకుని ఆఫీసరుగారు ఏ గది ఎవరికో తేల్చేవారు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ, భుజానికి టేపు తగిలించుకుని, ఎవరెవరివో పాత ఇళ్ళ తాళాలు తీసి లోపలికి వెళ్ళడం నాకెంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. రంగురంగుల గచ్చు నేలలు, మనిషికి రెండింతల ఎత్తు కిటికీలు, మూసిన గదుల్లో పాత గంధపు వాసన. జీతం ఇచ్చి మరీ ఇవన్నీ చూపిస్తున్నారే అనుకునేదాన్ని.

ఆఫీసరుగారు పాలక్కాడు వైపు మనిషి. రైల్వేలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చారు. తెల్ల చొక్కా, ముక్కు చివర కళ్ళద్దాలు, తక్కువ మాటలు. ఆయనతో మాట్లాడేది అంతా ఇంగ్లీషులోనే. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

పెద్ద మార్కెట్టు దగ్గర బియ్యం మండీ ఉన్న ఒక తెలుగు శెట్ల కుటుంబం, తమ పాత రెండంతస్తుల ఇంటిని మాకు అద్దెకిచ్చింది. కొడుకులు మండీ వెనకాలే కొత్త ఇల్లు కట్టుకుని అక్కడికి మారిపోయారు. పాత ఇల్లు వాళ్ళ అమ్మ పేరున ఉంది. డెబ్బయ్యేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా, చెవులకు వజ్రపు కమ్మలతో ఉండేది. పెళ్ళయి నెల్లూరు నుంచి ఆ ఇంటికే వచ్చిందట. ఇల్లు అద్దెకిచ్చినా ఆమె మాత్రం రావడం మానలేదు. రోజూ పదింటికి రిక్షాలో దిగి, కింది హాల్లో ఇత్తడి గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల మీద కూర్చుని, పన్నెండింటికి లేచి వెళ్ళేది. ఒప్పందం కాగితంలో గదుల గురించి ఉంది, కిటికీల గురించి ఉంది, బావి గురించి కూడా ఉంది. ఉయ్యాల గురించి మాత్రం లేదు. మొదటి రోజు నేను ఆ సంగతి కదపబోతే ఆమె నవ్వింది.

"ఇల్లు ఇచ్చినాను పాపా. ఉయ్యాల ఇయ్యలేదే!"

నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె నాకు అవ్వ అయిపోయింది. కొలతలు తీస్తుంటే నా వెనకాలే తిరిగి, ఏ గదిలో ఎవరు పుట్టారో, ఏ గదిలో మామిడికాయలు మగ్గబెట్టేవాళ్ళో చెప్పింది. ఆ కబుర్లలో పడి పైకప్పును కింద నుంచి ఒకసారి తలెత్తి చూసి, ఫారం మీద ఇంగ్లీషులో 'పై అంతస్తు నేల: బాగుంది' అని రాసి సంతకం పెట్టేశాను.

ఆ ఫారం చూసి ఆఫీసరుగారు ఇంటిని పంచారు. కింద గదులు గణితశాఖకు. పైన లైబ్రరీకి. పైన హాలు పొడుగ్గా, వెలుతురుగా ఉండేది. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోయేది. లైబ్రేరియన్‌గారు చూసిన వెంటనే దాన్ని తనది చేసుకున్నారు. ఆయన తంజావూరు మనిషి, నిశ్శబ్దమంటే ప్రాణం. సుద్దముక్క తీసుకుని బీరువాలు ఎక్కడెక్కడ పెట్టాలో నేలమీద తానే గీతలు గీశారు. బీరువాలు మేట్టుపాళయంలో ఒక షెడ్డులో తయారవుతున్నాయి. పుస్తకాలు లారీలో వచ్చే శుక్రవారం దిగుతాయన్నారు.

ఆ వారం సోమవారం సాయంత్రం నటేశన్ నగర్‌లో మా ఇంటి వసారాలో కూర్చుని, మా నాయనకు ఈ కబుర్లన్నీ చెబుతున్నాను. మా నాయన పబ్లిక్ వర్క్స్‌లో మేస్త్రిగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో పాత కట్టడాలలో సగం ఆయన చేతి సున్నం పూసుకున్నవే. ఆయన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటున్నాడు.

"ఆ ఇల్లు నాకు తెలుసులే. మద్రాసు మిద్దె. పైన దేనికి ఇస్తాండారు?"

"లైబ్రరీకి నాయనా."

ఆయన చెయ్యి ఆగింది. "పుస్తకాలా? మిద్దె మీదనా?"

"గాలి బాగా వస్తాదంట."

"గాలి సంగతి సరేమ్మా. దంతెల కొసలు చూసినావా?"

మద్రాసు మిద్దె అంటే కాంక్రీటు కాదు. ఈ గోడ నుంచి ఆ గోడకు టేకు దంతెలు వరసగా వేసి, వాటి మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నం గచ్చు చేస్తారు. బరువంతా ఆ కొయ్యల మీదే ఆని ఉంటుంది. ఇదంతా పాలిటెక్నిక్‌లో చదివిందే. పరీక్షలో బొమ్మ కూడా గీశాను.

"కింద నుంచి చూసినా నాయనా. ఒక్క పగులు గూడా లేదు."

"కింద నుంచి చూస్తే ఏం తెలుస్తాది? కొయ్య కుళ్ళేది గోడ లోపల. కొస గోడలోకి దూరే చోట పొడిచి చూడాల."

"రిపోర్టు రాసి ఇచ్చేసినా. బాగుంది అని."

"రాస్తే ఏమయింది? మళ్ళా రాయి," అని ఆయన ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తెరవకముందు ఇద్దరం ఆ ఇంటికి వెళ్ళాం. నాయన సైకిలు హ్యాండిలుకు ఒక సంచీ తగిలించుకున్నాడు. అందులో సన్నటి ఇనప చువ్వ ఒకటి, చిన్న సుత్తి ఒకటి. పెరట్లో ఉన్న నిచ్చెన తెచ్చి కింది గదిలో గోడకు ఆనించి పైకెక్కాడు. ముందు తూర్పు గోడ వైపు వెళ్ళి, దంతె గోడలోకి దూరే చోట చువ్వతో పొడిచాడు. టంగుమని మోగింది. ఒక్కొక్కటే పొడుస్తూ పోయాడు. అన్నీ టంగు టంగుమన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. నిచ్చెన పడమటి గోడకు మార్చాం. మొదటిది మోగింది. రెండోది మోగింది. మూడోదాని దగ్గర చప్పుడే రాలేదు. చువ్వ పండిన అరటిపండులోకి దిగినట్టు జానెడు లోపలికి దిగిపోయింది.

నాయన చువ్వ బయటికి లాగి, దాని కొనకు అంటిన నల్లటి పొడి నాకు చూపించాడు. ఆ గోడ పొడుగునా ఐదు దంతెలు అలాగే ఉన్నాయి. లైబ్రేరియన్‌గారు బీరువాల కోసం సుద్దగీతలు గీసింది సరిగ్గా వాటి పైనే.

అప్పుడే గుమ్మంలో రిక్షా ఆగింది. ఆ రోజు అవ్వ ఎందుకో తొందరగా వచ్చింది.

"ఏంది మేస్త్రీ, నా ఇంటిని పొడుస్తాండావు?"

నాయన నిచ్చెన దిగి తలగుడ్డ తీశాడు. "దంతెలు అయిదు కుళ్ళినాయమ్మా."

"ఏందీ! మా మామగారు రంగూన్ నుంచి తెప్పించిన టేకు అది. ఈ మిద్దె మీద మూడు పెళ్ళిళ్ళు చేసినాం. మూడు నూర్ల మంది కూర్చోని తిన్నారు."

"కొయ్య మంచిదే. నీళ్ళు జేరినాయి. ఈ గోడలో వాననీళ్ళ గొట్టం ఎవరు పెట్టించినారు?"

అవ్వ ఆ గోడ వైపు చూసింది. "మా రెండోవాడు. పదేండ్లయింది. అయితే ఏంది? గొట్టం పెడితే ఇల్లు కుళ్ళిపోతాదా? యాడన్నా ఉండాదా ఈ మాట?"

ఆమె కోపంగా ఉయ్యాల మీద కూర్చుని మా వైపు చూడడం మానేసింది. నేను ఆఫీసుకు వెళ్ళాను.

ఆఫీసరుగారి గది ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. చేరిన మొదటి రోజే, ఆడపిల్ల నిచ్చెనలు ఎక్కగలదా అని ఎవరో అడిగితే, ఎక్కుతుంది అని నా తరఫున జవాబు చెప్పింది ఆయనే. నేనేమో ఎక్కనే లేదు. చివరికి లోపలికి వెళ్ళి ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"సార్, మండీవాళ్ళ ఇంటి రిపోర్టులో పై అంతస్తు బాగుందని రాశాను. అది తప్పు. నేను సరిగ్గా చూడలేదు. పడమటి గోడ వైపు ఐదు దంతెలు కుళ్ళాయి."

ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశారు. "ఎవరు చెప్పారు?"

"మా నాన్నగారు."

"ఇంజనీరా?"

"మేస్త్రి, సార్. రిటైరయ్యారు."

ఆయన పెన్ను మూత పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "చూడమ్మా, లైబ్రరీ పైన అని వైస్ ఛాన్సలర్ సంతకం అయిపోయింది. గణితశాఖ కింద బోర్డు కూడా పెట్టుకుంది. ఇప్పుడు నేను వెళ్ళి, మా అసిస్టెంటు వాళ్ళ నాన్న దంతెను చువ్వతో పొడిచాడు అని చెప్పలేను. నా కళ్ళకు కనిపించేలా చూపించు. లైబ్రేరియన్ కళ్ళకు కూడా కనిపించాలి. శుక్రవారం లారీ వస్తుంది. గురువారం దాకా టైము."

మధ్యాహ్నం ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను.

"బరువు పెట్టి చూపిస్తాం. ఒక బీరువా నిండా పుస్తకాలు అంటే నాలుగు బియ్యం మూటలు అనుకో. బీరువాలు ఎన్ని?"

"ఆ గోడ వైపు ఆరు."

"సరి. ఇరవై నాలుగు మూటలు కావాల. యాడ దొరుకుతాయి?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఊళ్ళో అన్ని బియ్యం మూటలు మాకు ఇచ్చేవాళ్ళు ఒక్కరే ఉన్నారు. ఆ మనిషేమో పొద్దున మమ్మల్ని చూడను కూడా చూడలేదు.

బుధవారం పదింటికి అవ్వ ఉయ్యాల ముందు నిలబడ్డాం. నాయన చాలా మర్యాదగా, ఇంటిని పరీక్ష చేయడానికి ఆమె మండీ మూటలే కావాలని అడిగాడు. గట్టిగా కసురుతుందని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె ఉయ్యాల ఆపి, కాలు నేలకు ఆనించింది.

"ఎన్ని మూటలు?"

"ఇరవై నాలుగమ్మా."

"ముప్పై పంపిస్తా. నా ఇల్లు నిలబడతాదో లేదో మీ ఆఫీసరును వచ్చి చూడమను. నిలబడితే ఏం జేస్తావు మేస్త్రీ?"

"నిలబడితే ఇల్లంతా నేనే సున్నం కొట్టిస్తాను. నా కూలీ వొద్దు."

"సరి, చూస్తాం పో."

గురువారం పొద్దున ఆ ఇంట్లో పెళ్ళి సందడి. మండీ నుంచి రెండెడ్ల బండిలో మూటలు దిగాయి. నాయన అప్పటికే కింది గదిలో సరుగుడు బాదులు వరసగా నిలబెట్టి, వాటి మీద అడ్డంగా ఒక దుంగ కట్టి, దంతెలకు వేలెడు కిందుగా ఉండేలా బిగించాడు. దంతె జారితే ఆ దుంగ మీద ఆగుతుంది, కిందికి రాదు. తర్వాత ఒక గోడ నుంచి ఇంకో గోడకు నూలుదారం బిగువుగా లాగి కట్టాడు. దారానికీ దంతెకూ నడుమ ఎంత సందు ఉందో చెక్క స్కేలుతో కొలిచి నాకు చెప్పాడు. నేను కాగితం మీద రాసుకున్నాను.

ఆఫీసరుగారు వచ్చారు. లైబ్రేరియన్‌గారు మొహం ముడుచుకుని వచ్చారు. గాలి వచ్చే హాలును ఎవరో తన దగ్గరనుంచి లాక్కోవాలని చూస్తున్నారని ఆయన అనుమానం. గణితంవాళ్ళ మీద ఆ అనుమానం మరీ ఎక్కువ. అవ్వ తన ఉయ్యాల మీద గది వైపుకు తిరిగి మహారాణిలా కూర్చుంది. ఎవరూ గదిలో అడుగుపెట్టకూడదని నాయన గడపకు అడ్డంగా తన తలగుడ్డ పరిచాడు. అందరం గడప ఇవతలే నిలబడ్డాం.

కూలీలు మొదటి ఆరు మూటలు పైన పరిచారు. నాయన గడప దగ్గర వంగి దారం వైపు చూశాడు. ఏమీ కాలేదు. అవ్వ నవ్వింది. ఇంకో ఆరు. ఏమీ కాలేదు. లైబ్రేరియన్‌గారు గొంతు సవరించుకున్నారు.

"అయిందా మేస్త్రీ? సున్నం ఎప్పుడు కొడతావు?" అంది అవ్వ.

నాకు భయం వేసింది. నాయన తప్పు చెప్పాడని కాదు, తప్పు చెప్పాడని వీళ్ళంతా అనుకుంటారేమోనని. ఆయన మాత్రం పైకి చూసి, "ఇంకొక వరస, మెల్లిగా," అన్నాడు.

పదిహేనో మూటో పదహారో మూటో అనుకుంటాను. పైనుంచి దుమ్ము సన్నగా రాలింది. దారం ఉన్నచోటే ఉంది గానీ దంతె దాని మీదికి వచ్చి ఆనింది. ఆ వెంటనే దారం పటుక్కున తెగింది. కొయ్య మీద కొయ్య పడిన చప్పుడు, టక్కున ఒకే ఒక్కటి. పడమటి గోడ దగ్గర మూడో దంతె కొస జారి నాయన కట్టిన దుంగ మీద కూర్చుంది. సున్నం పెచ్చు ఒకటి ఊడి నేలమీద పడి ముక్కలైంది.

మొదట అరిచింది అవ్వే.

"దించండి! దించండ్రా మూటలు! సీక్రం దించండి!"

లైబ్రేరియన్‌గారు ఆ దంతె వైపు చూస్తూ తన చేతిలోని సుద్దముక్కను జేబులో వేసుకున్నారు. ఆఫీసరుగారు గడప దాకా వచ్చి చాలాసేపు చూశారు. తర్వాత మా నాయన వైపు తిరిగి, తనకు వచ్చిన అరవంలో, "పుస్తకాలు వచ్చి వారం అయ్యాక జరగాల్సింది ఇది," అన్నారు. నాయన తలగుడ్డ దులుపుకుని చుట్టుకున్నాడు.

నా దగ్గరికి వచ్చి ఆఫీసరుగారు ఒక్క మాటే చెప్పారు. "పాత రిపోర్టు చింపకు. కొత్తది రాసి దానికే పిన్ను పెట్టు. నీ తర్వాత వచ్చేవాళ్ళు రెండూ చదవాలి."

ఆ సాయంత్రం అలాగే చేశాను. రెండు కాగితాలూ చాలా ఏళ్ళు ఆ ఫైల్లోనే ఉన్నాయి.

లారీ శుక్రవారం వస్తుందంటే వస్తుంది, ఆగదు. ఒక్క పూటలో ఇల్లంతా తలకిందులు చెయ్యాల్సి వచ్చింది. లైబ్రరీ కిందికి, గణితం పైకి. గణితశాఖ పెద్దాయన ఏమంటారోనని భయపడ్డాంగానీ, పైన గాలి వస్తుందని విని ఆయన బోర్డు తానే విప్పి చంకలో పెట్టుకుని మెట్లెక్కేశారు. పడమటి వైపు మాత్రం మరమ్మతు అయ్యేదాకా ఎవరూ వెళ్ళకుండా అడ్డంగా బెంచీలు పెట్టాం. "గణితంవాళ్ళకు బరువేముంది, సుద్దముక్కలేగా," అన్నారు ఆఫీసరుగారు. ఆయన నోట హాస్యం వినడం నాకు అదే మొదటిసారి.

ఇక మిగిలింది ఉయ్యాల. లైబ్రరీ కిందికి వస్తే కింది హాలే చదువుకునే గది. లైబ్రేరియన్‌గారు ఆ ఇత్తడి గొలుసులను చూసి చేతులు కట్టుకున్నారు.

"చదివేచోట ఉయ్యాల ఉండకూడదు. అది కిర్రుమంటుంది."

నేను అవ్వ దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియక, "అవ్వా, ఉయ్యాలకు ఇంకో చోటు చూస్తాము," అన్నాను.

పొద్దున అయిన దానికి ఆమె ఇంకా కుదుటపడలేదు. కాసేపు గొలుసు పట్టుకుని కూర్చుంది. "ఆ గొట్టం పెట్టేటప్పుడు మా రెండోవాడికి జెప్పినా పాపా, గోడలో వొద్దురా అని. వినలేదు." తర్వాత లేచి, చేతులు దులుపుకుంది. "వెనక వరండాలో కట్టించు. బావి పక్కన. ఆడ అరటిచెట్టు నీడ ఉండాది. కానీ ఆ దూలం గట్టిదో కాదో మీ నాయన పొడిచి చూడాల. ఆయన చూడనిది నేను కూర్చోను."

నాయన వెనక వరండా దూలాన్ని రెండు కొసలా పొడిచాడు. టంగుమంది. గొలుసులు విప్పి అక్కడ కట్టి, కొక్కేలకు ఆముదం రాశాడు. మొదట తానే కూర్చుని రెండు ఊపులు ఊగి చూసి, తర్వాత అవ్వను కూర్చోమన్నాడు.

శుక్రవారం పదకొండింటికి లారీ వీధి మలుపులో ఆగింది. వీధి ఇరుకు, లోపలికి రాదు. ఆ దూరమంతా కట్టలు మోసుకురావాలి. కూలీలు నలుగురే. అప్పుడు గణితం విద్యార్థులు, చరిత్రవాళ్ళు, ఎదురింటి టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ పిల్లలు, అందరూ వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరికి కట్టలు అందించుకున్నారు. లైబ్రేరియన్‌గారు గుమ్మంలో నిలబడి, ఏ కట్ట ఏ గదికో అరిచి చెప్పారు. నిశ్శబ్దం కోరే మనిషి అంత గట్టిగా అరవగలరని ఎవరికీ తెలియదు. ఆఫీసరుగారు చొక్కా చేతులు మడిచి వరసలో నిలబడ్డారు. ఆయనకూ నాకూ నడుమ మా నాయన. అవ్వ మండీ నుంచి మూడు బిందెల మజ్జిగ తెప్పించి, అల్లం, కరివేపాకు దంచి కలిపించి, వరస పొడుగునా గ్లాసులు తిప్పించింది. రెండింటికల్లా లారీ ఖాళీ అయింది.

దంతెలు మార్చే పని మా నాయన చేతనే చేయించాలని అవ్వ పట్టుబట్టింది. గొట్టం గోడలోంచి తీసి బయటికి పెట్టించింది. రెండోకొడుకు వచ్చి నిలబడి చూసి వెళ్ళిపోయాడు. నెల రోజులు నాయన పొద్దున నాతోపాటే సైకిలు మీద బయల్దేరేవాడు. వీధి చివరిదాకా పక్కపక్కనే తొక్కేవాళ్ళం. నా చిన్నప్పుడు ఆయన క్యారియరు మీద కూర్చుని వెళ్ళేదాన్ని. ఇప్పుడు నేను ముందు వెళ్ళిపోతుంటే, "మెల్లిగా పో, నీ ఆఫీసు యాడికీ పోదు," అని వెనకనుంచి అరిచేవాడు. ఆ నెలలో ఆఫీసరుగారు రోజూ ఏదో ఒక నెపంతో వచ్చి, బెల్లం నీళ్ళు కలిపి సున్నం ఎలా నూరుతారో, గచ్చును చెక్కతో ఎన్ని రోజులు కొట్టాలో నిలబడి చూసేవారు. నాయన మధ్యలో చెక్క ఆయన చేతికిస్తే ఆయనా కొట్టేవారు. తర్వాత యూనివర్సిటీ అద్దెకు చూసిన ప్రతి పాత ఇంటికీ, "మీ నాన్నగారికి వీలవుతుందా?" అని నన్ను అడగడం మామూలైపోయింది. ఎంతో దర్జాగా ఉన్న ఒక ఇంటిని నాయన వద్దన్నాడు. చూడడానికి ఏమీ లేని ఇంకో ఇంటికి వందేళ్ళు ఢోకా లేదన్నాడు. రెండుసార్లూ ఆయన మాటే నెగ్గింది.

లైబ్రరీ తెరిచిన రెండో నెలలోనో మూడో నెలలోనో, ఎవరో దయగల మనిషి నాలుగు పెట్టెల పుస్తకాలు యూనివర్సిటీకి కానుకగా పంపారు. పెట్టెలు విప్పితే అన్నీ తెలుగు. లైబ్రేరియన్‌గారు సంతోషంగా నా కోసం కబురు చేశారు.

"నీది తెలుగు కదా. ఇవి ఏమేమిటో చెప్పు, విడదీసి పెడదాం."

నేను ఒక పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. అట్ట తిప్పాను, పేజీలు తిప్పాను. ఇంట్లో తెలుగు మాట్లాడతామేగానీ బడిలో చదివింది అరవం, పాలిటెక్నిక్‌లో ఇంగ్లీషు. మా నాయనకూ అమ్మకూ తెలుగు అక్షరం రాదు. మా వీధిలో తెలుగు ఇళ్ళు పది ఉన్నా, చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

"నాకు చదవడం రాదు సార్," అన్నాను. అంతకుముందు రిపోర్టు తప్పని ఒప్పుకున్నప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు.

వెనక వరండాలోంచి అవ్వ అంతా వింటూనే ఉంది. ఆమె చెవులకు ఆ ఇంట్లో ఏ మాటా తప్పిపోయేది కాదు.

"ఈడికి రా పాపా. ఆ బుక్కు గూడా తే."

అవ్వ నెల్లూరులో ఐదో తరగతి దాకా చదివింది. రోజూ ఇంకో గంట ఎక్కువ కూర్చుని, భోజనాల వేళ నాకు అక్షరాలు నేర్పింది. పలక లేదు. వరండా నేలమీద తడి వేలితో రాసేది. ఎండకు అది ఆరిపోయేలోపు నేను చదవాలి. 'క' రాసి, తలకట్టు పెట్టి, "ఇది ఏంది?" అనేది. నేను గుర్తుపట్టేలోపే అక్షరం మాయమయ్యేది. మళ్ళీ రాసేది. లైబ్రేరియన్‌గారు ఒకసారి కిటికీలోంచి తల బయటికి పెట్టి, కొంచెం మెల్లిగా చదవమని బతిమాలారు. నాకేమో మెల్లిగా చదవడం అప్పటికి రాదు. నోరు తెరిచి, కూడబలుక్కుని చదివితేనే అర్థమయ్యేది.

మూడు నెలలకు అట్టల మీద పేర్లు చదవగలిగాను. నాలుగు పెట్టెల పుస్తకాలనూ నేనే విడదీసి, జాబితా రాసి, చీటీలు అంటించాను. లైబ్రేరియన్‌గారు నన్ను నమ్మి బీరువాలో పెట్టించారు. కొన్నాళ్ళకు నెల్లూరు వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక రైతుబిడ్డ, వ్యవసాయం గురించి ఏదో రాసుకుంటున్నవాడు, నవ్వు ఆపుకోలేక ఒక పుస్తకం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. అట్ట మీద ఆవు, దాని పక్కన వేణువు పట్టుకున్న పిల్లాడు ఉన్నారు. పేరులో పెద్ద పెద్ద ఒత్తులు ఉంటే నేను భయపడి, బొమ్మ చూసి, దాన్ని పద్యాల అరలో పెట్టాను. లోపలంతా గాలికుంటు వ్యాధికి మందులు, ఈనిన గేదెకు పెట్టాల్సిన మేత. వచ్చినతను అందులో ఒక పేజీ గట్టిగా చదివి వినిపించాడు. ఆఫీసరుగారికి తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, మమ్మల్ని చూసి ఆయనా నవ్వారు. నేను పెన్సిలు తీసుకుని లైబ్రరీకి వెళ్ళి చీటీ మార్చాను.